ఇటుక కాలేలోపు

శివరామయ్య అబద్ధాలాడతాడని మా ఊళ్ళో ఎవరూ అనరు. నిజాన్ని దాణా పెట్టి మేపుతాడని మాత్రం అంటారు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన బక్క నిజం, సాయంత్రానికి గురజాల రోడ్డు మీది హీనా టీ కొట్టుకు చేరేసరికి మూపురం ఊపుకుంటూ వస్తుంది. వినేవాళ్ళకు కావలసిందీ అదే. మిరపకోతలు అయిపోయాక సాయంత్రాలు ఎవరికి మాత్రం ఏం పనుంటుంది.

ఆ రోజు ఒక్క యేసుపాదానికి మాత్రం ఆ కథ వినాలని లేదు. కథ నడుస్తున్నంతసేపూ హీనా కట్టెల పొయ్యిలో ఒక ఇటుక కాలుతోంది. కథ అవగానే ఆ ఇటుక మీద జిల్లేడాకు పరుస్తారు. ఆ ఆకు మీద యేసుపాదం తన మడమ మోపాలి.

సంగతేమిటంటే, శివరామయ్యకు ఆరు పళ్ళ ఒంగోలు గిత్తల జత ఉంది, భీముడూ చిట్టోడూ. చుట్టుపక్కల ఎక్కడ బండలాగుడు పందెం జరిగినా ఆ జత వెళ్ళాల్సిందే. వాటిని మేపేదీ, కడిగేదీ, పందెంలో కర్ర పట్టుకొని వాటి పక్కన వట్టి కాళ్ళతో పరిగెత్తేదీ యేసుపాదం. ఎడ్లు శివరామయ్యవే గానీ అవి వినేది యేసుపాదం మాట. నలుగురిలో తనకో మర్యాద ఉందంటే అది ఆ కర్ర వల్లేనని అతనికి బాగా తెలుసు.

ఆదివారం నరసరావుపేట వైపు పెద్ద పందెం. ఆ పొద్దున సాధనలో గిత్తలు మలుపు తిరిగాయి గానీ యేసుపాదం తిరగలేకపోయాడు. మునివేళ్ళ మీద కుంటుకుంటూ వెనకబడ్డాడు. శివరామయ్య మేనల్లుడు శ్రీకాంత్ గట్టు మీద నుంచి అది చూశాడు. ఆ కర్ర మీద ఎప్పటినుంచో కన్నేసిన మనిషి చూసి ఊరుకుంటాడా? మధ్యాహ్నానికల్లా మేనమామ చెవిన వేశాడు.

శివరామయ్య కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. టీ కొట్టు దగ్గర అందరి ముందూ నవ్వి, మడమ నొప్పికి తన దగ్గర ఒక్క పూట వైద్యం ఉందన్నాడు. పొయ్యి టీకి పెట్టుకున్నానని హీనా గొణుగుతున్నా వినకుండా ఇటుకను నిప్పుల్లోకి తోయించాడు. జిల్లేడాకులు కోసుకు రమ్మని శ్రీకాంత్‌ని కాలవగట్టుకు పంపాడు. వాడు పరుగున వెళ్ళి పరుగున వచ్చాడు.

"కాలు పెడితే ఆదివారం కర్ర నీదేరా యేసుపాదం. పెట్టకపోతే మావోడు పట్టుకుంటాడు. నీ ఇష్టం, నా బలవంతమేం లేదు."

యేసుపాదం తలూపి, శివరామయ్య కూర్చున్న బల్లకు ఎదురుగా రోడ్డువారన ఉన్న నాపరాయి మీద కూర్చున్నాడు. నొప్పి మొదలై నెల దాటింది. పొద్దున లేచి నాపరాళ్ళ మీద కాలు పెడితే మడమలోకి మేకు దిగినట్టుంటుంది. నాలుగడుగులు గోడ పట్టుకొని నడిస్తే సర్దుకుంటుంది. అందుకే అందరికంటే ముందు లేచి, ఎవరూ చూడకుండా ఆ నాలుగడుగులు వేసుకొని బయటపడుతున్నాడు.

అతని భయం నొప్పి గురించి కాదు. పోయిన ఏడాది నుంచి అతను షుగరు మాత్ర వేసుకుంటున్నాడు. అరికాళ్ళు అప్పుడప్పుడు మొద్దుబారినట్టుంటాయి. ఆ మాట బయటపెడితే, షుగరున్నవాడు ఎడ్లతో ఏం పరిగెత్తుతాడని కర్ర ఊడబీకుతారు. బయటపెట్టకుండా ఇటుక మీద కాలు మోపితే ఏమవుతుందో అతను కళ్ళారా చూశాడు. వాళ్ళమ్మ దేవమ్మ ఇలాగే ఎవరో చెప్పారని కాల్చిన ఇటుక మీద మడమ పెట్టింది. ఆమెకూ షుగరే. వేడి తెలియలేదు, చర్మం కాలిన వాసన మాత్రం ఇంట్లో అందరికీ తెలిసింది. ఆ పుండు మానడానికి రెండు పంటలు పట్టింది.

బల్ల మీద శివరామయ్య గొంతు సవరించుకున్నాడు. పక్కన అతని చిన్ననాటి స్నేహితుడు ఆంజనేయులు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, కళ్ళు సగం మూసుకొని కూర్చున్నాడు. నిద్రపోతున్నట్టే ఉంటాడు గానీ విన్నమాట ఒక్కటీ పోనివ్వడు.

"ఇది నిన్నా మొన్నటి మాట కాదు. నాకూ వచ్చింది మడమ నొప్పి. ఇదుగో, ఈ కుడి మడమ." శివరామయ్య కుడి మోకాలు చరిచాడు. "పొద్దున మంచం దిగితే మేకు దిగినట్టుండేది. నాలుగడుగులేస్తే తగ్గేది. కాసేపు కూచొని లేస్తే మళ్ళా మొదలు. అప్పుడేం చేశానో తెలుసా? ఇట్టాగే ఇటుక కాల్చి, జిల్లేడాకేసి, కాలు పెట్టా. అంతే. పోయింది."

యేసుపాదం ఉలిక్కిపడ్డాడు. ఆ మేకూ ఆ నాలుగడుగులూ తనవే. ఇంత సరిగ్గా చెప్తున్నాడంటే ఈ మనిషికి నొప్పి వచ్చిన మాట నిజం. ఒకవేళ ఇటుకతో పోయిన మాట కూడా నిజమేనేమో. అతను కాలి చెప్పు కాస్త వదులు చేసుకున్నాడు.

"పోయి ఊరుకుందా?" అన్నాడు ఆంజనేయులు కళ్ళు తెరవకుండానే. శివరామయ్యకు ఆ మాత్రం చాలు.

నొప్పి పోవడమే కాదట, మడమకు కొత్త బలం వచ్చిందట. ఆ వేసవిలో మాచర్ల రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచి వెళ్తుంటే, ఎండకు తారు కరగడం కాదు, మడమ వేడికే తారు కరిగిందట. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు పొడుగునా మడమ గుర్తులు, ఒక్కొక్కటీ గిన్నె లోతు. వానాకాలం వస్తే వాటిలో నీళ్ళు నిలిచి, మేకలు తాగి పోయేవట. శ్రీకాంత్ నవ్వబోయి, మేనమామ ముఖం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

ఇంతలో రోడ్డవతల చింతకొమ్మకు తగిలించిన సంచిలో శివరామయ్య ఫోను మోగింది. పట్టుమని పదడుగులు లేదు. ఆయన లేవకుండా శ్రీకాంత్‌ని పంపించి తెప్పించుకున్నాడు. యేసుపాదం అది చూశాడు గానీ అప్పటికి దాన్ని పట్టించుకోలేదు. అతని చూపంతా పొయ్యి మీదే ఉంది. ఇటుక అంచులు నల్లగా మారాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారెంపూడి కాడ పందెం. భీముడి అమ్మమ్మ కడుపున పుట్టిన జత అప్పట్లో. చానా పెద్ద బండ. సగం దూరం లాగి ఎడ్లు మొండికేసినయ్. జనమంతా గోల. నేనేం చేశా? బండ వెనక్కి పోయి, కింద కూచొని, ఈ కుడి మడమ ఆనించి ఒక్క తోపు తోశా. బండ కదిలింది. కదలడమేంది, ఎడ్లను దాటేసి పోయింది. ఎడ్లు దాని వెనక పరిగెత్తినయ్, మోకులు తెగుతయ్యని. ఫస్టు ప్రైజు ఎడ్లకియ్యాలా బండకియ్యాలా అని కమిటీవాళ్ళు పొద్దుగూకేదాకా తగువు పడ్డారు."

"బండకే ఇవ్వాల్సింది," అంది హీనా పాలు తిప్పుతూ.

ఎండ వాలి శివరామయ్య ముఖం మీద పడింది. బల్ల అవతలి కొసన నీడ ఉంది. ఆయన జరగలేదు, తువ్వాలు తల మీద వేసుకున్నాడు. వచ్చీ రాగానే హీనా ఐసుపెట్టెలోంచి ఒక కూల్‌డ్రింకు సీసా తీయించుకున్నాడు గానీ ఇంతవరకూ మూత తియ్యలేదు. ఆ సీసా ఏమైందా అని యేసుపాదం చూపు అప్రయత్నంగా బల్ల కిందికి పోయింది. కిందుగా కూర్చున్నవాడికి కనిపించేవి కాళ్ళే కదా.

సీసా శివరామయ్య ఎడమ పాదం కింద ఉంది. ఆయన పైన చేతులు తిప్పుతూ కథ చెప్తున్నాడు. కింద ఎడమ పాదం ఆ చల్లటి సీసాను ముందుకూ వెనక్కూ దొర్లిస్తోంది. పక్కన విడిచిన చెప్పులు కొత్తవి, పరుపులా మెత్తటి అడుగున్నవి. ఈ ఊళ్ళో ఏ మగాడి కాళ్ళకూ అలాంటివి యేసుపాదం చూడలేదు.

పొయ్యిలో ఇటుక ఎర్రబడుతోంది.

కథ ఎత్తిపోతలకు చేరింది. జలపాతం కింద మడుగులో శివరామయ్య కాళ్ళు కడుక్కుంటుంటే మొసలొచ్చి కుడి మడమ పట్టుకుందట. పట్టుకుంది గానీ పాపం, కొరకలేకపోయింది. పళ్ళన్నీ జొన్నగింజల్లా రాలిపోయాయట. "ఇప్పటికీ ఉందది అక్కడ. బోసినోరు. చూసేవోళ్ళు జాలిపడి రాగిజావ పోస్తన్నారు. నన్ను చూస్తే చాలు, నీళ్ళలోకి మునిగిపోద్ది." అక్కడితో ఆగకుండా ఆ మడమను రాళ్ళ మీద ఆనించుకుంటూ నీళ్ళకు ఎదురు జలపాతమెక్కి, పైన తడి గుడ్డలు ఆరేసుకున్నాడట.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే నడి కృష్ణలో ఇంజను ఆగిపోయిందట. ఆడవాళ్ళు ఏడుపులట. శివరామయ్య అంచున కూర్చొని మడమ నీళ్ళలో పెట్టి తెడ్డులా ఆడించాడట. నది మధ్యలోని కొండ దగ్గర ఆగాల్సిన లాంచీ ఆ ఊపుకు ఆగలేక అవతలి ఒడ్డెక్కి చేలో నిలబడిందట. అక్కడి రైతు పార భుజాన వేసుకొని వచ్చి, "ఏందన్నా, గింత స్పీడుగొచ్చినవ్, చాయ్ తాగి పో" అన్నాడట. ఆంజనేయులు కళ్ళు మూసుకొనే ఊఁ కొడుతున్నాడు. శ్రీకాంత్ ఆకుల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

యేసుపాదానికి మాటలు వినిపించడం మానేశాయి. పశువు కాలు చూసి లోపలి నొప్పి చెప్పడం అతని పని. పొద్దున్నే కొట్టం తలుపు తీసి గిత్తల్ని బయటికి తోలినప్పుడు అతను ముఖం చూడడు, మూపురం చూడడు. మొదటి అడుగు చూస్తాడు. నడక సాగాక ఎంత కుంటి ఎద్దయినా సర్దుకొని నడుస్తుంది, మొదటి అడుగులో మాత్రం దాచుకోలేదు. అది అతనికి నేర్పింది శివరామయ్యే.

ఈయన ఎండలో కూర్చున్నాడు, ఫోను తెప్పించుకున్నాడు, కథ మొదలయ్యాక ఒక్కసారీ లేవలేదు.

"ఆఖరిది యినండి. బెల్లంకొండ అవతల ఒకనాడు భూమి కదిలింది. గిన్నెలు దొర్లినయ్, కోళ్ళు చెట్లెక్కినయ్. జనం రోడ్డున పడ్డారు. నేను అరుగు మీదున్నా. ఏముంది, ఈ మడమ నేలకేసి గట్టిగా తొక్కిపట్టా. కింద భూమి గింజుకుంటంది, నేను వదల్లా. మజ్జిగ తెమ్మని తాగుతా కూడా వదల్లా. అప్పుడాగింది. ఆ రోజు నుంచీ మన పల్నాట్లో భూమి కదలాలంటే నా మడమని అడగాల్సిందే." శివరామయ్య తువ్వాలు దించి చుట్టూ చూశాడు. "అదంతా ఎవరి చలవ? ఇటుక చలవ. అమ్మాయ్, కాలిందా? తీసుకురా."

హీనా పట్టకారు పొయ్యి పక్కన పెట్టేసింది. "నేను తియ్యనండీ. ఒకరి కాలు కాల్చే పనికి నా చెయ్యి రాదు. కావాలంటే మీరే తీసుకోండి."

శ్రీకాంత్ ఆకులు పక్కన పెట్టి లేవబోయాడు. ఇప్పుడు మాట్లాడకపోతే ఇక మాట్లాడేది ఉండదు. యేసుపాదం చెప్పు విడిచి, కాలు ముందుకు చాపాడు.

"శ్రీకాంతెందుకయ్యా. మొసలి పళ్ళు రాలగొట్టిన మనిషి మీరుండగా. మీ చేత్తోనే తెచ్చి పెట్టండి. అప్పుడే నాకు నమ్మకం."

"న్యాయంగా అడిగాడు," అన్నాడు ఆంజనేయులు. ఈసారి కళ్ళు పూర్తిగా తెరిచాడు.

శివరామయ్య పొయ్యి వైపు చూశాడు. గుమ్మం దాటితే పొయ్యి. అందరూ తన వైపే చూస్తున్నారు. ఆయన నవ్వుతూనే బల్ల అంచు పట్టుకొని లేచాడు. ఎడమ మడమ నేలకు తగిలింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. పాదం మునివేళ్ళ మీదికి లేచింది, రెండో అడుగుకు ఒళ్ళు పక్కకు ఒరిగింది, మూడో అడుగుకు కొట్టు గుంజను రెండు చేతులా పట్టేసుకున్నాడు. బల్ల కింది నుంచి సీసా దొర్లుకుంటూ వచ్చి ఆంజనేయులు కాలికి తగిలి ఆగింది.

ఎవరూ నవ్వలేదు.

తనకు సంతోషం కలుగుతుందనుకున్నాడు యేసుపాదం. కోపమొచ్చింది. అతను లేచి నిలబడ్డాడు, తన మడమలోకీ మేకు దిగింది, అయినా నిలబడ్డాడు.

"అయ్యా, చలికాలంలో ఒక పొద్దున చిట్టోడు కొట్టంలోంచి బయటికొస్తా ఒక్క అడుగు తేడాగా ఏశాడు. ఒక్కటే అడుగు. మీరు టీ కూడా తాగకుండా పశువుల డాక్టరుకి ఫోను కొట్టారు. ఆ వారం పందెం మానేశారు. కాలు కింద గట్టిగా ఉండకూడదని కొట్టంలో నాపరాళ్ళు పీకించి ఇసక పోయించారు. ముదరకముందే చూశాం, బతికాడన్నారు. దానికి ఇటుక కాల్చలా." అతను తన కాలు చూపించాడు. "నాకు షుగరుంది. కాళ్ళకి వేడి తెలవదు. ఇట్టాంటి ఇటుకే మా అమ్మ కాలు తిన్నది. మీకు సల్లటి సీసా, నాకు నిప్పుల ఇటుకా? నేను పెట్టను. కర్ర ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోండి."

అన్నాక అతనికి ఒళ్ళంతా తేలికైంది, వెంటనే భయమూ వేసింది. శ్రీకాంత్ మేనమామ ముఖంలోకి ఆశగా చూస్తున్నాడు. హీనా చెంబుడు నీళ్ళు తీసుకెళ్ళి ఇటుక మీద కుమ్మరించింది. టీ కొట్టు నిండా ఆవిరి కమ్మింది.

ఆవిరి విడేసరికి శివరామయ్య గుంజకు ఆనుకొని అలాగే ఉన్నాడు. మనిషి ఒక్కసారిగా చిన్నబోయినట్టున్నాడు. ఆయన యేసుపాదం కాలినే చూస్తున్నాడు, పొద్దున్నే గిత్త పాదాన్ని చూసినట్టు.

"ఎన్నాళ్ళనించిరా?"

"నెల దాటింది."

"నెలంటే ఇంకా లేతే. నేను ఏడాది ముదరబెట్టుకొని పోయా." ఆయన గొంతు తగ్గించి, నరసరావుపేటలో ఎముకల డాక్టరు పెట్టిన చీవాట్లు చెప్పాడు. మొదట్లోనే వచ్చుంటే మెత్తటి చెప్పులూ, కాస్త విశ్రాంతీ, పొద్దున మంచం దిగకముందే పాదం వెనక్కి వంచి చేసే కసరత్తుతో కొద్ది నెలల్లో తగ్గేదట. ఏడాది దానిమీదే తిరిగినందుకు ఇప్పుడు ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనన్నాడట. ఇటుకా జిల్లేడూ అంటే ఆ డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టి మరీ తిట్టాడట. ఊళ్ళో ఇన్నాళ్ళూ ఇటుక కథ చెప్పిన నోటితో ఆ సంగతి ఎట్టా చెప్పడమని సీసాను బల్ల కింద దాచుకున్నాడు.

శివరామయ్య వంగి సీసా అందుకోబోతే ఆంజనేయులే తీసి ఇచ్చాడు. దాన్ని తువ్వాలులో చుట్టి యేసుపాదం ముందుకు చాపాడు.

"ఇంకా సల్లగానే ఉంది. మెల్లగా దొర్లించు. నీకు షుగరు కాబట్టి గుడ్డ తియ్యమాక. రేపు ఇద్దరం నరసరావుపేట పోదాం, డాక్టరుకి షుగరు సంగతి కూడా చెప్పు. ఆదివారం పందెం లేదు. శ్రీకాంతూ, నీ ముఖం అట్టా పెట్టమాక. చిట్టోడికి కాలు బాగాలేనప్పుడు వేరే ఎద్దుని కట్టామా? కర్ర యేసుపాదానిదే. నయమైనాక తోల్తాడు."

యేసుపాదం సీసా అందుకున్నాడు. నాపరాయి మీద కూర్చొని మడమ కింద పెట్టుకున్నాడు. చల్లదనం కాస్త ఆలస్యంగా తెలిసింది గానీ తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే తల దించుకున్నాడు.

శివరామయ్య గుంజ వదిలి మళ్ళీ బల్ల దాకా కుంటుతూ వెళ్ళాడు. కూర్చొని, చుట్టూ ఉన్న ముఖాలు చూసి, గొంతు సవరించుకున్నాడు. అలవాటైన ప్రాణం కదా.

"అయినా నాది మామూలు నొప్పి కాదు. మొసలి పట్టిన కాలు. ఎంత లేదన్నా అప్పుడప్పుడు సలపకుండా ఉంటదా?"

ఆంజనేయులు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"బావా, మొసలి పట్టింది కుడి కాలు."